పిట్ట జాడలు పోగేసిన హ్యూమ్

పాఠ్యపుస్తకాల్లో ఎ.ఓ. హ్యూమ్ పేరు పక్కన ఉండేది ఒక్క వాక్యమే: 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్న ఆంగ్లేయ అధికారి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన పాతికేళ్లకు పైగా చేసిన మరో పని కుప్పకూలిందన్న సంగతి చాలామందికి తెలియదు.

1829లో పుట్టిన హ్యూమ్ ఇరవై ఏళ్లకే సివిల్ సర్వీసు ఉద్యోగిగా మన దేశానికి వచ్చారు. ఇటావాలో కలెక్టరుగా ఉండగా 1857 తిరుగుబాటు చెలరేగింది. అప్పటిదాకా సేకరించిన పక్షి నమూనాలు, రాసుకున్న నోట్సు అందులో పోయాయి. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1867లో సుంకాల కమిషనర్ అయ్యాక, ఉప్పు దొంగరవాణాను ఆపేందుకు పెంచిన ముళ్లకంచె వెంట తిరగడమే ఉద్యోగమైంది. సామాన్యుడి ఉప్పు మీద పన్ను పిండే ఆ కొలువే ఆయనకు కొత్త కొత్త పక్షులను చూపించింది.

సింధ్ నుంచి బర్మా దాకా ఒక్క మనిషి ఎంతని తిరగగలడు? అందుకే 1872లో ‘స్ట్రే ఫెదర్స్’ పత్రిక మొదలుపెట్టారు. సైనికాధికారులు, అటవీ ఉద్యోగులు, ఎస్టేట్ల యజమానులు తాము చూసింది రాసి పంపేవారు. ఏ ఊళ్లో, ఏ నెలలో, ఏ చెట్టు మీద, ఎన్ని గుడ్లు, ఏ రంగు అన్న వివరాలు ఉండేవి. గూళ్లు, గుడ్ల మీద 1873లో తెచ్చిన పుస్తకంలోనూ ఎవరు చూసింది వారి పేరుతోనే వేశారు. ఇప్పుడు సిటిజన్ సైన్స్ అంటున్నది దాదాపు ఇదే. కాకపోతే ఆ పేర్లలో భారతీయులవి బహు తక్కువ. అడవిలో పిట్టను వెతికి పట్టిన స్థానికుల పేర్లు అచ్చులోకి ఎక్కడం అరుదు.

పైఅధికారుల మీద సూటిగా విమర్శలు చేసినందుకు 1879లో కార్యదర్శి పదవి పోయింది. మూడేళ్లకు పదవీ విరమణ చేశారు. ఇక మిగిలింది భారతదేశపు పక్షులన్నిటి మీద ఒక బృహత్ గ్రంథం. సిమ్లాలోని రాత్నీ కాసిల్‌లో దానికోసం కట్టలకొద్దీ రాతప్రతులు పోగయ్యాయి. ఒక చలికాలం ఆయన మైదాన ప్రాంతాలకు వెళ్లి వచ్చేసరికి ఆ కట్టలు లేవు. ఇంటి నౌకరు ఒకడు వాటిని బజారులో చిత్తుకాగితాల కింద అమ్మేశాడు. పొట్లాలుగా మారిపోయిన ఆ కాగితాలకు నకలు లేదు.

హ్యూమ్ ఆ పనిని మళ్లీ తలకెత్తుకోలేదు. ఏకంగా 82 వేల దాకా ఉన్న నమూనాలను 1885లో బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ డిసెంబరులోనే బొంబాయిలో కాంగ్రెస్ తొలి సభ జరిగింది. 1894లో ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక మొక్కల వైపు మళ్లారు. 1910లో దక్షిణ లండన్‌లో వృక్షశాస్త్ర సంస్థను నెలకొల్పి, 1912లో కన్నుమూశారు.

ఆయన ఇచ్చిన నమూనాల్లో 1867లో సట్లెజ్ లోయలో దొరికిన చిన్న పిట్ట ఒకటుంది. అలాంటిది మరొకటి దొరకకపోవడంతో, అది వేరే జాతి అవునా కాదా అన్న అనుమానం చాలాకాలం నడిచింది. 2006లో థాయ్‌లాండ్‌లో పరిశోధకుల వలకు ఒక పిట్ట చిక్కింది. దాని డీఎన్ఏ హ్యూమ్ పిట్టతో సరిపోయింది. ఆ 139 ఏళ్లూ ఆ జాతి ఉందనడానికి ఉన్న ఆధారం, చీటీ కట్టి ఆయన దాచిన ఆ ఒక్క నమూనాయే.