పళ్లబుట్ట కింద మనిషి

పెళ్లయిన కొత్తలో అత్తవారి యాస నా నోట దొర్లితే పుట్టింట్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ మనసు చివుక్కుమంది. కార్మెన్ మిరాండా కథ చదివినప్పుడు ఆ రోజే గుర్తొచ్చింది.

ఆవిడ 1909లో పోర్చుగల్లో పుట్టింది. పసిపిల్లగా ఉండగానే కుటుంబం బ్రెజిల్‌లోని రియో డి జనీరో చేరింది. తండ్రి క్షౌరవృత్తి చేసేవాడు. చిన్న వయసులోనే దుకాణంలో పనికి కుదిరి, టోపీలు కుట్టడం నేర్చుకుంది. రేడియోలో, రికార్డుల్లో పాడి దేశమంతా పేరు తెచ్చుకుంది. బహియా వీధుల్లో తినుబండారాలు అమ్ముకునే నల్లజాతి స్త్రీల తలపాగా, పూసల దండలు చూసి తన వేషం తయారు చేసుకుంది.

1939లో న్యూయార్క్ రంగస్థలం, ఆపైన హాలీవుడ్. ఐదడుగుల మనిషి, ఎత్తు చెప్పులు, నెత్తిన పళ్లబుట్ట, వచ్చీరాని ఇంగ్లీషు! జనం పగలబడి నవ్వారు. 1945లో అమెరికాలో ఆడవాళ్లందరిలోకీ ఎక్కువ సంపాదన ఆవిడదే. కానీ ఆ వేషం తప్ప వేరే వేషం ఎవరిచ్చారు గనక?

1940లో రియో వచ్చి పాడితే, అమెరికా మనిషైపోయిందని సొంతవాళ్లే మొహం ముడుచుకున్నారు. ఆ నిందకి పాటతోనే జవాబు చెప్పింది. తర్వాత 14 ఏళ్లు ఆ ఊరి మొహం చూడలేదు.

1955 ఆగస్టులో టీవీ కార్యక్రమం కోసం ఆడుతూ మోకాలి మీద కూలబడింది. లేచి, నవ్వుతూనే పూర్తి చేసింది. తెల్లారేసరికి గుండె ఆగిపోయింది. అప్పటికి 46 ఏళ్లే. రియోలో అంత్యక్రియలకి లక్షల మంది వీధుల్లోకొచ్చి ఏడ్చారు.

ఆ ప్రేమలో కాస్త 1940లోనే చూపి ఉంటే ఏం పోయేది, చెప్పండి!