రుసుం రైతుది, పెత్తనం ఎవరిది? ఆచార్య రంగా జీవితం నేర్పే పాఠం

పొగాకు అమ్మకాల రోజుల్లో కలిగిరి, డి.సి. పల్లి వేలం కేంద్రాలకు పోయి చూడండి. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల నుండి బేళ్లు ఎత్తుకొచ్చిన రైతు చేతిలో ఒక చీటీ ఉంటుంది. ఎన్ని కిలోలు, ఏ గ్రేడు, ఏం ధర అన్నీ అందులో రాసి ఉంటాయి. కింద కోతలు కూడా ఉంటాయి. ఆ కోతల్లో ఒకటి పొగాకు బోర్డు సేవా రుసుం. ఇటు కలువాయి, రాపూరు వైపు నిమ్మతోటల రైతుది ఇంకో లెక్క. వాళ్ల సరుకు మీద మార్కెట్ కమిటీకి సెస్సు పోతుంది. చట్టం ప్రకారం అది కొనేవాడు కట్టాలి. కానీ కట్టేవాడు ఆ మేరకు ధర తగ్గించి పాడుకుంటే చివరికి ఎవరి జేబు ఖాళీ అయినట్లు? రైతుదే గదా!

సరే, డబ్బు పోయింది. దానికి తగ్గ ఫలం వెనక్కి వచ్చిందా అన్నది ప్రశ్న. దీన్ని అంకెలతోనే తేల్చలేం. రైతు తన సంఘానికి తానే చందా వేసుకునే రోజుల నుండి, రైతు పేరు మీద సర్కారే వసూలు చేసి సర్కారే నడిపే బోర్డుల రోజుల దాకా ఈ కథ ఎట్లా నడిచిందో చూడాలి. ఆ కాలమంతా కళ్లారా చూసిన మనిషి ఆచార్య ఎన్.జి. రంగా. ఆయన రాజకీయాలు మన రాజకీయాలు కావు. అయినా ఆయన జీవితం రైతాంగం చదవవలసిన జీవితమే. ఆయన సాధించిన దాంట్లోనూ పాఠముంది, ఆగిపోయిన చోటా పాఠముంది.

గోగినేని రంగనాయకులు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. తండ్రి నాగయ్య, తల్లి అచ్చమ్మ. భూమి ఉన్న కమ్మ రైతు కుటుంబం. గుంటూరులో చదివి, సీమకు పోయి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదివి 1926లో బి.లిట్. పట్టా పుచ్చుకున్నారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆచార్యుడయ్యారు. ఆ రోజుల్లో అంత చదువు చదివినవాడు ఏ కలెక్టరు ఉద్యోగానికో పోతాడు. ఈయన మాత్రం పల్లెల ఆర్థిక పరిస్థితి మీద పరిశోధన రాశారు. రైతు ఎంత పండిస్తున్నాడు, ఎంత అప్పు చేస్తున్నాడు, కూలి ఎంత, శిస్తు ఎంత అని ఊరూరా లెక్క తీశారు. 1923లోనే తమ ఇంటి మంచినీళ్ల బావిని హరిజనులకు తెరిచారు. అప్పటి పల్లెలో అది చిన్న పని కాదు.

గాంధీ పిలుపుతో 1930లో కొలువు వదిలి ఉద్యమంలోకి దిగారు. అంతకు ముందే రైతు సంఘాల పని మొదలైంది. గుంటూరు జిల్లాలో 1923లో మొదలైన ఆ పని 1928 నాటికి ఆంధ్ర రాష్ట్ర రైతు సంఘమైంది. ఆ తర్వాత వచ్చింది మన జిల్లా వంతు. వెంకటగిరి జమీందారీ రైతుల పోరాటం 1931లో రాజుకుంది. దాన్ని నడిపిన నాయకుల్లో రంగా ముఖ్యులు. శిస్తు భారం, అడవిలో పశువులు మేపుకోవడానికి పుల్లరి, పాడుపడ్డ చెరువులు, ఇవీ జమీందారీ రైతు బాధలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. జమీందారు శిస్తు వసూలు చేసుకునేది ఎందుకు? చెరువు కట్ట చూడాలి, తూము బాగుచేయాలి, కాలవ పూడిక తీయించాలి. ఆ పని చేయకుండా శిస్తు మాత్రం పిండుకుంటే అది వసూలు కాదు, దోపిడీ. తీసుకున్నవాడు లెక్క చెప్పాలి, పని చూపించాలి అని రైతు నిలదీశాడు. ఈనాడు బోర్డుల్నీ కమిటీల్నీ మనం అడగవలసింది అచ్చంగా ఇదే.

రంగా 1934లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం పెట్టారు. పల్లెల కుర్రాళ్లకు అర్థశాస్త్రం, చట్టాలు, సభ నడపడం, ఉపన్యాసం నేర్పించారు. అక్కడ తయారైనవాళ్లు ఆంధ్రదేశమంతా పాకారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతితో పాటు రంగా ముందు నిలిచారు. 1937 జూలై నుండి 1938 మార్చి దాకా ఇచ్ఛాపురం మొదలు మద్రాసు వరకు సాగిన రైతు రక్షణ యాత్ర ఆ ఊపులో వచ్చిందే. దండు వెంట సర్కారు సొమ్ము లేదు. ఊళ్లు అన్నం పెట్టాయి, రైతులు కానులు కానులు పోగేసి ఇచ్చారు. తన డబ్బుతో నడిచే సంఘం తన మాట వింటుంది. ఈ చిన్న సత్యం ఆ రోజుల్లో రైతుకు బాగా తెలుసు.

తర్వాత దారులు చీలాయి. యుద్ధకాలంలో రంగా కిసాన్ సభకు దూరమై వేరు సంఘం పెట్టుకున్నారు. అసలు తేడా అంతకంటే లోతైనది. రైతాంగమంతా ఒక్కటేనని ఆయన భావన. పదెకరాల రైతు, కౌలుదారు, రోజు కూలి అందరికీ ఒకే గొడుగు చాలునన్నారు. మన జిల్లా అలగానిపాడుకు చెందిన పుచ్చలపల్లి సుందరయ్య లాంటివారు మాత్రం వ్యవసాయ కూలీకి వేరే సంఘం కావాలని, కూలి రేటు కోసం రైతుతోనే బేరమాడవలసి వస్తుందని పనిలోకి దిగారు. ఎవరు నిజమో ఆ తర్వాతి ఏళ్లు చూపించాయి.

ఇక సెస్సుల చరిత్ర. 1921లో కేంద్ర పత్తి కమిటీ ఏర్పడింది. 1923 చట్టంతో పత్తి మీద సెస్సు వేశారు. ఆ డబ్బుతో విత్తనాలు, పరిశోధన. అదే బాటలో 1945లో కేంద్ర పొగాకు కమిటీ వచ్చింది, 1947లో రాజమండ్రిలో పొగాకు పరిశోధనా కేంద్రం వెలిసింది. కందుకూరులోని దాని శాఖ మన మెట్టల తేలిక నేలలకు సరిపడే రకాల మీద పనిచేసింది. కాబట్టి సెస్సు డబ్బంతా గంగపాలు అయిందనడం అన్యాయం. మంచి విత్తనం, ఆకు క్యూరింగ్‌లో మెళకువలు దానివల్లే వచ్చాయి. అయితే 1965-66లో ఈ పంటల కమిటీలన్నీ రద్దయ్యాయి. పరిశోధన ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా మండలి కిందికి పోయింది. కమిటీల్లో రైతు ప్రతినిధి అనేవాడు పేరుకైనా కూర్చునేవాడు. ఆ కుర్చీ కూడా పోయింది.

అదే కాలంలో రంగా రాజకీయ జీవితం మలుపుల మీద మలుపులు తిరిగింది. 1951లో కాంగ్రెసు వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. 1955లో మళ్లీ కాంగ్రెసు గూటికి చేరారు. 1959లో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయం తీర్మానం చేయగానే రాజీనామా చేసి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపించి దానికి అధ్యక్షుడయ్యారు. జమీందారుతో పోరాడిన మనిషి మాజీ సంస్థానాధీశులు, పెద్ద వ్యాపారులు ఉన్న పార్టీకి నాయకుడయ్యారు. పొలం గట్టు చెరిపేస్తారేమోనని రైతుకున్న భయాన్ని పెద్ద భూకామందులు తమ డాలుగా వాడుకున్నారు. ఇది ఆయన జీవితంలో మనం ఒప్పుకోలేని ఘట్టం. తర్వాత ఆయన మళ్లీ కాంగ్రెసులోకే వచ్చారు. 1980 నుండి 1991 దాకా గుంటూరు పార్లమెంటు సభ్యుడుగా ఉన్నారు.

ఆ గుంటూరులోనే ఉంది పొగాకు బోర్డు. 1975 చట్టంతో, 1976 జనవరి 1న అది మొదలైంది. అప్పటికి వర్జీనియా పొగాకు రైతు గతి అధోగతి. వ్యాపారి సరుకు ఎత్తుకుపోతాడు, ధర తర్వాత చెబుతాడు, డబ్బు ఇంకా తర్వాత ఇస్తాడు. రైతులు గట్టిగా అడగగా అడగగా కర్ణాటకలో 1984లో, మన రాష్ట్రంలో 1985లో బోర్డు వేలం పద్ధతి వచ్చింది.

దీంతో రైతుకు వచ్చిన లాభం కాదనలేం. తూకం కళ్లముందు జరుగుతుంది. ధర చీటీ మీద ఉంటుంది. డబ్బు బ్యాంకులో పడుతుంది. కట్టిన రుసుంకు ఈ మేరకు విలువ దక్కింది. బర్లీ పొగాకు రైతునడిగితే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. ఆ పంట బోర్డు నియంత్రణలో లేదు. 2025లో నల్ల బర్లీ కొనే దిక్కులేక, చివరికి రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించవలసి వచ్చింది.

మరి లోటు ఎక్కడ? బోర్డు ఎంత పండించాలో చెబుతుంది. లైసెన్సు ఇస్తుంది. మీరితే జరిమానా వేస్తుంది. కానీ ఇంత ధరకు తగ్గకుండా కొంటానని పూచీ ఇవ్వదు. కేంద్రం కనీస మద్దతు ధర జాబితాలో పొగాకు లేదు. వేలంపాటలో పాడేవాళ్లు గుప్పెడుమంది. పెద్ద కంపెనీ చెయ్యెత్తకపోతే బేలు వెనక్కి ఇంటికే. 2015లో ధర కూలి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వేలం కేంద్రం ఉంది, తూకం ఉంది, చీటీ ఉంది. ధర మాత్రం లేదు. 2020లో మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దింపాకనే కొంత పోటీ వచ్చింది. అంటే మందు ఏమిటో సర్కారుకు తెలియక కాదు.

అన్నిటికంటే పెద్ద లోటు పెత్తనం. బోర్డులో రైతు ప్రతినిధుల్ని రైతులు ఎన్నుకోరు. కేంద్ర ప్రభుత్వం నియమిస్తుంది. డబ్బిచ్చేది ఒకరు, మనిషిని పెట్టేది ఇంకొకరు. ఇతర దేశాల్లో ఇట్లాగే ఉందా? ఆస్ట్రేలియాలో గొర్రెల ఉన్ని రైతులు మూడేళ్లకోసారి ఓటేసి తమ సెస్సు ఎంత ఉండాలో తామే తేలుస్తారు. 2018లో రెండు శాతాన్ని ఒకటిన్నరకు దించారు. బ్రిటన్‌లో 2021లో ఆలుగడ్డ, తోటపంటల రైతులు తమకు ఫలం దక్కడం లేదని సెస్సే వద్దని ఓటేశారు. అక్కడి ప్రభుత్వం దాన్ని ఎత్తేయవలసి వచ్చింది. సెస్సు రద్దయితే పరిశోధన ఆగుతుందన్న భయమూ ఉంది, అది నిజమే. కానీ అడిగే హక్కు ఉంటేనే పనిచేసే బుద్ధి పుడుతుంది.

ఓటు అనగానే ఇంకో ప్రశ్న. ఎవరి ఓటు? బ్యారన్ లైసెన్సు ఒకరిది. దాన్ని బాడుగకు తీసుకుని, భూమి కౌలుకు పట్టి పండించేది ఇంకొకరు. పుస్తకంలో పేరు మొదటివాడిది, నష్టం రెండోవాడిది. ఇక ఆకు కోసి, కర్రలకు కట్టి, గ్రేడింగు చేసే ఆడకూలీల పేరు ఏ పుస్తకంలోనూ లేదు. రుసుం పెరిగినా ధర తగ్గినా రైతు ముందు కోసేది కూలి రేటునే. పొగ, వేడి, పచ్చి ఆకు ఘాటు భరించేది వాళ్లే. సెస్సు భారంలో వాటా ఉన్నప్పుడు సెస్సు ఫలంలోనూ వాటా ఉండాలి గదా. రంగా గారి ఒకే గొడుగు ఇక్కడే చిల్లిపడింది. గొడుగు పట్టుకున్నవాడు తడవలేదు, అంచున నిలబడ్డవాళ్లు తడిశారు.

రంగా 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటి ఏడాది వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడం తేలిక. నిడుబ్రోలు విద్యాలయంలో ఆయన నేర్పించిన పని, అంటే లెక్క అడగడం, దాన్ని నిలబెట్టడమే కష్టం.

కాబట్టి రైతు సోదరులారా, కూలి అన్నలారా, అక్కలారా! రుసుం వద్దని గోల చేయడం కాదు మన పని. లెక్క అడగడం మన పని. కలిగిరిలో, డి.సి. పల్లిలో ఏటా ఎంత వసూలైంది, ఎంత తిరిగి ఖర్చయింది తెలుగులో రాసి గోడకు అంటించమనాలి. బోర్డులో, మార్కెట్ కమిటీల్లో రైతు ప్రతినిధుల్ని ఎన్నికతో పంపాలి. పండించే కౌలుదారుకు ఓటుండాలి. వసూలైన దాంట్లో ఒక భాగం కూలీల వైద్యానికి, ప్రమాద బీమాకు కేటాయించాలి. ధర పడినప్పుడు ప్రభుత్వ సంస్థ తప్పనిసరిగా పాటలో దిగాలి. వెంకటగిరి రైతు జమీందారును అడిగినప్పుడు అతని చేతిలో చట్టం లేదు, ఓటు లేదు, సంఘం మాత్రమే ఉంది. ఈనాడు మనకు మూడూ ఉన్నాయి. అడగడానికి ఇంకేం కావాలి?