మా అమ్మకు ముందు గొంతే తెలుసు

ఎండాకాలం మధ్యాహ్నం అనగానే నాకు ఇప్పటికీ రెండు చప్పుళ్ళు గుర్తొస్తాయి. ఒకటి, విత్తనానికి వలిచే శెనక్కాయల చిటపట. రెండోది, గూట్లో పెట్టిన ట్రాన్సిస్టర్ గురగుర. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లెటూరు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మహాభాగ్యం అనుకునే మెట్టసీమ. మే నెలలో విత్తనం సిద్ధం చేసుకోవడం, జూన్ నెలలో ఆకాశంకేసి చూస్తూ కూర్చోవడం... ఇదే మా బతుకు. మిషన్లో వేస్తే గింజ దెబ్బతిని మొలక సరిగ్గా రాదని ఆడవాళ్ళమంతా వసారాలో చేరి చేత్తోనే వలిచేవాళ్ళం. బొటనవేళ్ళు పుళ్ళు పడేవి. ఆ నొప్పి మరిపించడానికి మాకున్నది ఆ రేడియో ఒక్కటే.

కడపలో 1963 నుంచీ రేడియో స్టేషను ఉంది. విజయవాడలో తయారైన నాటకాలూ అలా మా దాకా వచ్చేవి. వాటిలో ఒక మగగొంతు మా అమ్మకు బాగా అలవాటైపోయింది. కోపం వస్తే పెంకులు ఎగిరిపోతాయా అన్నట్టుండేది. అంత కోపంలోనూ ఒక్క అక్షరం మింగేవాడు కాదు. ఆ గొంతు వినపడగానే అమ్మ వలవడం ఆపి నవ్వుకోవడానికి సిద్ధమయ్యేది. మనిషి ఎలా ఉంటాడో మాలో ఎవరికీ తెలీదు. పొడుగో పొట్టో, నలుపో తెలుపో, ఎవరికి తోచినట్టు వాళ్ళం ఊహించుకునేవాళ్ళం.

ఆయనే మామిడిపల్లి వీరభద్రరావు. అలా చెబితే మీలో చాలామందికి తెలియకపోవచ్చు. సుత్తి వీరభద్రరావు అంటే మాత్రం ఇట్టే గుర్తుపడతారు కదూ!

మైకు ముందు నేర్చిన విద్య

ఆయన పుట్టింది 1947లో, తూర్పుగోదావరి జిల్లాలో. నటుడిగా ఎదిగింది విజయవాడలో. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రంలో డెబ్బైల్లో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు. రేడియో నాటకమంటే తేలిక అనుకునేరు. ముఖానికి రంగుండదు, చేతులు ఊపినా ఎవరికీ కనపడదు. కాగితం తిప్పిన చప్పుడు కూడా మైకులో పడకూడదు. పాత్ర దూరంగా వెళ్ళాలంటే నటుడు మైకుకి దూరం జరగాలి. ఏడుపైనా, ఎకసెక్కమైనా గొంతులోంచే రావాలి. ఆయన బడి అదే.

ముద్దమందారం (1981)తో దర్శకుడైన జంధ్యాల కూడా విజయవాడ నాటకాల నుంచి వచ్చినవారే. ఆ గొంతు విలువ ఆయనకు తెలుసు. 1982లో నాలుగు స్తంభాలాట తీస్తూ వీరభద్రరావునీ, వేలునీ జంటగా నిలబెట్టారు. అదేపనిగా మాట్లాడి అవతలివాళ్ళ బుర్ర తినేయడానికి సుత్తి అనే మాట ఇంటింటా వాడుకలో పడిపోయింది. ఆ ఇద్దరి పేర్లకూ అది ఇంటిపేరులా అతుక్కుపోయింది. మామిడిపల్లి పోయి సుత్తి మిగిలింది!

విజయవాడ స్టూడియో వదిలి మద్రాసు దారి పట్టడం చిన్న నిర్ణయమేమీ కాదు. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం ఒకవైపు, రేపు వేషం ఉంటుందో లేదో తెలియని సినిమా మరోవైపు. అయినా వెళ్ళారు. రెండుజెళ్ళ సీత, శ్రీవారికి ప్రేమలేఖ, చంటబ్బాయ్, రెండు రెళ్ళు ఆరు... వరసగా వచ్చాయి. 1985లో బాబాయ్ అబ్బాయ్ సినిమాలో బాలకృష్ణకు బాబాయిగా పేరులోనే సగం వాటా కొట్టేశారు. 1986లో విశ్వనాథ్ స్వాతిముత్యంలోనూ కనిపించారు.

మా నాయన నవ్విన రోజు

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. మా నాయన చెడ్డవాడు కాదు కానీ ఇంట్లో ఆయన మాటకి ఎదురుండేది కాదు. ఆయన చెప్పులు వాకిట్లో కనపడితే మా మాటలు ఆగిపోయేవి. మా అక్కకి టీచరు ట్రైనింగు చదవాలని ఆశ. అడగడానికి మాత్రం నోరు లేచేది కాదు.

1984లో శ్రీవారికి ప్రేమలేఖ వచ్చింది. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల ఆధారంగా తీసిన సినిమా కదా, అమ్మ పట్టుబట్టి అందరినీ అనంతపురం బయలుదేరదీసింది. తెరమీద నరేష్ తండ్రిగా వీరభద్రరావు నిప్పులు కక్కుతున్నారు. హాలంతా పడీపడీ నవ్వుతోంది. మేం ముగ్గురం మాత్రం నవ్వలేక, భయంభయంగా నాయన వైపు చూశాం. అచ్చం ఆయనే మరి! చూద్దుము కదా, ఆయన తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. తనని తాను పోల్చుకున్నాడో లేదో ఆ దేవుడికే ఎరుక.

ఆ తర్వాత నాయన అరవడం మానేశాడని అనను. కానీ ఆయన అరిచినప్పుడల్లా అమ్మ పెదవి చివర చిన్న నవ్వు మెరిసేది. అది చూసి ఆయన గొంతు మధ్యలోనే తగ్గేది. ఆ ఏడాదే అక్క నోరు విప్పి అడిగింది. రెండు రోజులు ఇల్లు దద్దరిల్లింది, మూడో రోజు ఫీజు కట్టాడు. అంతా సినిమా మహిమే అంటే అక్క ఒప్పుకోదు, తన ధైర్యం తనదే అంటుంది. నిజమే. కానీ ఇంటి పెద్ద కోపాన్ని చూసి నవ్వొచ్చని మాకు మొదట చూపించింది మాత్రం వీరభద్రరావే.

1988 జూన్ 30న ఆయన వెళ్ళిపోయారు. నలభై ఒక్క ఏళ్ళకే! నాలుగు స్తంభాలాట తర్వాత ఆరేళ్ళే. ఆ కబురు తెలిసేసరికి మా ఊళ్ళో విత్తనం సంచుల్లోనే ఉంది, వానకోసం చూస్తున్నాం. అమ్మ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం రేడియో పెట్టలేదు, అంతే. 2001లో జంధ్యాల, 2012లో వేలు కూడా వెళ్ళిపోయారు.

ఇప్పుడు అమ్మకి ఎనభై దాటాయి, చూపు తగ్గింది. నాయన లేడు. టీవీలో ఆ పాత సినిమాలు వస్తే నేను పిలుస్తాను. తను లేచి రాదు. వంటింట్లో ఉన్నచోటే చేతిలో పని ఆపి వింటుంది. ఆయన్ని కళ్ళతో చూడాల్సిన అవసరం అమ్మకు మొదటినుంచీ లేదుగా!