ఆఱు చుక్కల అక్షరదాత: లూయీ బ్రెయిల్

ఫ్రాన్సు దేశమున, పారిసు నగరమునకు తూర్పున కూవ్రే అను చిన్న గ్రామము కలదు. అచట గుఱ్ఱపు జీనులు, కళ్ళెములు కుట్టి జీవించు ఒక పనివాని యింట 1809 జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిల్ జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తండ్రి పనిసాలలో ఆడుకొనుచుండగా, తోలు పొడుచు ఆరె అతని కంట గ్రుచ్చుకొనెను. గాయము చీముపట్టి రెండవ కంటికిని ప్రాకెను. ఐదేండ్లు వచ్చునప్పటికి బాలుడు పూర్తిగా అంధుడయ్యెను.

తల్లిదండ్రులు అతనిని మూల గూర్చుండబెట్టలేదు. ఊరి బడిలో తక్కిన పిల్లల నడుమ కూర్చుండి, విన్నదెల్ల నేర్చుకొనెను. 1819లో, పదవ యేట, పారిసులోని అంధబాలుర పాఠశాలలో చేరెను.

ఆ పాఠశాలలో పుస్తకములు లేకపోలేదు. చూపుగలవారి అక్షరములనే కాగితముపై ఉబ్బెత్తుగా అచ్చొత్తిన పుస్తకములవి. బరువు హెచ్చు, వెల హెచ్చు. ఒక్కొక్క అక్షరపు వంపును వ్రేలితో తడవి పోల్చుకొనుటకే చాల కాలము పట్టెడిది. అంతకు మించిన లోపము మఱొకటి కలదు. ఆ పుస్తకములను చదువగలిగిన బాలుడును తన చేతితో ఒక్క ముక్కయు వ్రాసికొనలేకుండెను. కంటికై పుట్టిన రూపమును వ్రేలికి అంటగట్టుటయే ఈ కష్టమునకు మూలము.

1821లో షార్ల్ బార్బియే అను మాజీ సైనికాధికారి పండ్రెండు చుక్కల లిపి నొకదానిని పాఠశాలకు తెచ్చెను. గీతకంటె చుక్కనే వ్రేలు సులువుగా గుర్తించునని లూయీ గ్రహించెను. కాని పండ్రెండు చుక్కలు ఒక్క వ్రేలికొన క్రింద ఇమడవు. పైగా అవి ధ్వనులకే గుర్తులు, అక్షరక్రమమును తెలుపవు. ఎడతెగక శ్రమించి, 1824 నాటికి, పదునైదేండ్ల వయసుననే, లూయీ ఆఱు చుక్కల లిపిని కూర్చెను. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చుక్కలు; వీని కూర్పులచే 63 గుర్తు లేర్పడును. సంగీతమునకు గూడ పనికివచ్చునట్లు దానిని 1829లో గ్రంథముగా ప్రకటించెను.

వ్రాయుటకు కావలసినవి గళ్ళచట్రము గల పలక, మందపు కాగితము, ఘంటము వంటి మొనగల పనిముట్టు. కుడినుండి ఎడమకు చుక్కలు పొడిచి, కాగితమును త్రిప్పి, ఎడమనుండి కుడికి చదువవలెను. తన చూపును హరించిన ఆరెను పోలిన వస్తువే అంధులకు వ్రాత నొసగెను.

1833లో లూయీ ఆ పాఠశాలలోనే ఉపాధ్యాయుడయ్యెను. 1840 ప్రాంతమున క్రొత్త యధికారి ఆ లిపిని నిషేధించెను. అంధులకు వేఱు లిపి యున్నచో వారు లోకమునకు మఱింత దూరమగుదురని చూపుగలవారు శంకించిరి. విద్యార్థులు మాత్రము దానిని విడువక, చాటుగా వ్రాసికొనుచునే యుండిరి. తమ మాటను తామే కాగితముపై నిలుపుకొను భాగ్యమును ఒకమారు రుచిచూచినవారు దానిని మఱల వదలుకొందురా? 1844లో పాఠశాల నూతన భవన ప్రారంభోత్సవమున ఆ లిపి సభాముఖమున ప్రదర్శింపబడి, మన్నన పొందెను.

క్షయవ్యాధిచే క్రుంగి లూయీ 1852 జనవరి 6వ తేదీన మరణించెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1854లో గాని ఆ లిపిని అంగీకరింపలేదు. 1952లో అతని అస్థికలను పారిసులో మహనీయుల సమాధిమందిరమునకు చేర్చిరి; చేతులను మాత్రము కూవ్రేలోనే యుంచిరి.

మన దేశమున 1951లో భారతీ బ్రెయిల్ ఏర్పడెను. నాటినుండి తెలుగక్షరములును ఆ యాఱు చుక్కలలోనే ఒదిగినవి. ఒక్క చుక్క పెట్టిన 'అ' యగును. ఎడమ వరుసలోని మూడు చుక్కలు చేరిన 'ల' యగును. పలక, మొన, మందపు కాగితము ఏ గ్రామమునకును భారము కావు. చూపులేని బిడ్డను బడికిని, గ్రంథాలయమునకును చేయిపట్టి తెచ్చు పెద్దలుండిన చాలును.