చేతిమీద చేసిన పరీక్ష: పియరీ క్యూరీ

రసాయనశాలలో సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక చుక్క చేతిమీద పడితే ఎవరూ చెప్పనక్కరలేదు. మంట పుడుతుంది, చేయి తనంతట తానే కుళాయి కిందికి పోతుంది. చర్మాన్ని తినివేసే గుణం ఆ ఆమ్లానికి ఎంత ఉన్నప్పటికీ, తన రాకను వెంటనే తెలియజేసే గుణం కూడా దానికి ఉన్నది. ఈ రెండవ గుణం లేని పదార్థం ఒకటి 1898లో పారిస్ నగరంలో బయటపడినది. తాకిననాడు ఏ బాధా కలిగించక, రోజులు గడచిన పిమ్మట చర్మాన్ని పుండు చేసే ఆ పదార్థం రేడియం. దాని ప్రభావాన్ని తన చేతిమీదనే పరీక్షించి చూచిన పియరీ క్యూరీని గూర్చి మా విద్యార్థి మిత్రులకు కొంత చెప్పదలచినాము.

పియరీ క్యూరీ 1859 మే 15వ తేదీన పారిస్‌లో జన్మించినాడు. తండ్రి వైద్యుడు. కుమారుడు నెమ్మదిగా, లోతుగా ఆలోచించే స్వభావం గలవాడని గ్రహించి, అతనిని బడికి పంపక ఇంటివద్దనే చదివించినాడు. మార్కుల పట్టికలతో సతమతమయ్యే మనకు ఇది వింతగా తోచవచ్చు. 1880లో అన్న జాక్‌తో కలసి, కొన్ని స్ఫటికాలను నొక్కినప్పుడు వాటి ముఖాలమీద విద్యుదావేశం పుడుతుందని కనుగొన్నాడు. ఆ స్ఫటికంతో నిర్మించిన సున్నితమైన సాధనమే తరువాత రేడియం అన్వేషణకు కొలబద్ద అయినది. 1895లో, పోలండు నుండి చదువుకొనవచ్చిన మేరీ స్క్లొడోవ్‌స్కాను వివాహమాడినాడు. ఆ దంపతులు చలికి, వానకు ఓర్చి పాత షెడ్డులో ఖనిజపు వ్యర్థాన్ని టన్నుల కొద్దీ ఉడికించి రేడియం వేరుచేసిన కథ అందరూ ఎరిగినదే గనుక విస్తరించము. మేము చెప్పదలచినది ఆ శ్రమ నడుమ, 1901లో జరిగిన ఒక చిన్న ప్రయోగం.

అంతకు ముందు సంవత్సరమే జర్మనీలో వాల్కాఫ్, గీజెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రేడియం చర్మాన్ని గాయపరుస్తుందని తెలియజేసినారు. గీజెల్ తన చేతిమీద రెండు గంటలు ఉంచుకొని చూచినాడు. క్యూరీ దానిని మరింత దీర్ఘంగా పరీక్షించదలచినాడు. రేడియం కలసిన బేరియం క్లోరైడ్‌ను పలుచని గట్టాపెర్చా రేకు అడ్డుగా ఉంచి, తన చేతికి పది గంటలసేపు తగిలించుకొన్నాడు. దాని తీవ్రత యురేనియం కంటె 5,000 రెట్లు. ఆనాటి నమూనాలలో అది బలహీనమైనదే. రేకు తీసిన తరువాత ఆరు చదరపు సెంటీమీటర్ల మేర చర్మం ఎర్రబడినది. చూపునకు కాలినట్లున్నది గాని నొప్పి లేదనే చెప్పాలి. కొన్ని రోజులకు ఎరుపు ముదిరినది. ఇరవయ్యవ రోజున పక్కు కట్టినది. పిదప పుండు పడినది. కట్లు కట్టవలసి వచ్చినది. నలభై రెండవ రోజున అంచుల నుండి కొత్త చర్మం రాసాగినది. యాభై రెండవ రోజుకు కూడ ఒక చదరపు సెంటీమీటరు పుండు మిగిలే ఉన్నది. దాని బూడిద రంగును బట్టి లోపలి పొరలు సైతం చచ్చినవని అతడు గ్రహించినాడు. ఈ వివరాలన్నీ 1901 జూన్‌లో హెన్రీ బెకెరల్‌తో కలసి ఫ్రెంచి శాస్త్ర పరిషత్తుకు నివేదించినాడు. బెకెరల్ గాయం మాత్రం తలవని తలంపుగా కలిగినది: రేడియం గొట్టాన్ని జేబులో పెట్టుకొని తిరిగినందుకు జేబు తగిలిన చోట కాలినది.

పరీక్షా విధానాన్ని విద్యార్థులు గమనించాలి. పదార్థపు బలం ఎంత, తాకిన కాలం ఎంత, గాయపడిన వైశాల్యం ఎంత, ఏ రోజున ఏ మార్పు అన్నవన్నీ అందులో ఉన్నవి. తన చేతిని గూర్చి వ్రాస్తున్నా, స్ఫటికాన్ని గూర్చి వ్రాసినట్లే వ్రాసినాడు. రసాయనాల దాహక గుణాన్ని నిర్ణయించడానికి తరువాతి కాలంలో కుందేళ్ల చర్మాన్ని వాడినారు. ఇప్పుడు ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మకణాల పొరమీద మూడు నిమిషాలు, ఒక గంట చొప్పున పదార్థాన్ని ఉంచి, బ్రతికిన కణాలెన్నో రంగు ద్వారా లెక్కించే పద్ధతి వచ్చినది. కుందేలు పరీక్షలో గాయాన్ని గమనించే గడువు పద్నాలుగు రోజులు. ఆ గడువుతో ముగించి ఉంటే క్యూరీ తన చేతిమీద ఎరుపును మాత్రమే చూచి ఉండేవాడు. పుండును చూచి ఉండేవాడు కాడు.

చర్మాన్ని చంపగలది చర్మరోగాన్ని కూడ చంపగలదేమో అన్న ఆలోచన వెంటనే పుట్టినది. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో డాక్టర్ డాన్‌లో క్యూరీలు ఇచ్చిన రేడియంతో చర్మవ్యాధులకు చికిత్స ఆరంభించినాడు. 1903లో దంపతులకు బెకెరల్‌తో పాటు నోబెల్ బహుమానం లభించినది. 1904లో పియరీ ఇద్దరు వైద్యులతో కలసి, రేడియం నుండి వెలువడే వాయువును పీల్చిన చిన్న జంతువులు మరణిస్తాయని నిరూపించినాడు.

ఇంత తెలిసినవాడు తన్ను తాను కాపాడుకొన్నాడా అంటే లేదనే చెప్పవలసి ఉన్నది. 1903 జూన్‌లో పారిస్ వచ్చిన రూథర్‌ఫర్డ్, రేడియం గొట్టం వెలుగులో క్యూరీ వ్రేళ్లు వాచి పుండ్లు పడి ఉండుట చూచినాడు. కాళ్ల నొప్పులు అతనిని నిద్రపోనివ్వలేదు. అది వాతమని భావించినారు. చేతిమీది ఒక గాయాన్ని యాభై రెండు రోజులు లెక్కపెట్టినవాడు తన ఒంటి బాధను అదే లెక్కలో వేయకపోవడం మాకు నేటికీ బోధపడదు. దానిని త్యాగమని పొగడుటకు మాకు మనసు ఒప్పదు. అజాగ్రత్త అని తేలికగా కొట్టివేయుటకూ ఒప్పదు.

1905 జూన్‌లో స్టాక్‌హోంలో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో, రేడియం గొట్టాన్ని జేబులో ఉంచుకొన్నవానికి ఆ రోజున ఏమీ తెలియదనీ, పదిహేను రోజులకు పుండు పడుతుందనీ, దానిని మందమైన సీసపు పెట్టెలోనే తీసుకొనిపోవాలనీ హెచ్చరించినాడు. మరుసటి సంవత్సరం ఏప్రిల్ 19న, వాన పడుతున్న వేళ, పారిస్‌లోని దోఫీన్ వీధిలో గుర్రపు బండి చక్రం కిందపడి మరణించినాడు. అప్పటికి అతనికి నలభై ఆరేళ్లు. ఆ దంపతుల నోటు పుస్తకాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నవి. పుటలకు అంటిన రేడియం ఇంకా తగ్గలేదు గనుక వాటిని సీసపు పెట్టెలలో భద్రపరచినారు.