ఉర్దూలో ఉన్నత గణితం నేర్పిన మాస్టర్ రామచంద్ర

మన పిల్లల్లో లెక్కలంటే భయపడేవారు చాలామంది ఉన్నారు. పదో తరగతి వరకు ఎలాగో నెట్టుకొచ్చి, ఇంటర్‌లో అవకలనం, సమాకలనం అనే మాటలు వినగానే పుస్తకం మూసేస్తున్నారు. ఉర్దూ మీడియంలో చదివిన మావాడికి ఆ పెద్ద లెక్కలెందుకు సార్ అని తల్లిదండ్రులే మమ్మల్ని అడుగుతుంటారు. అటువంటి వారందరూ ఒక ఉపాధ్యాయుని జీవితం తెలుసుకోవడం మంచిదని మా ఉద్దేశం. ఆయన మన మతస్థుడు కాదు. కాని ఉర్దూ భాషకూ, ఉర్దూలో చదివిన ముస్లిం యువకులకూ ఆయన చేసిన మేలు మరువరానిది.

రామచంద్ర 1821లో పానిపట్టులో ఒక కాయస్థ కుటుంబంలో జన్మించినారు. తండ్రి సుందర్‌లాల్ రెవెన్యూ శాఖలో ఉద్యోగి. పదేళ్ళు నిండేసరికే తండ్రి చనిపోయినారు. పిల్లల్ని పెంచే భారమంతా తల్లి మీద పడింది. ఢిల్లీలోని ఇంగ్లీషు స్కూలులో చేరినారు గాని, అక్కడ గణితం సరిగా చెప్పేవారు లేరు. దొరికిన పుస్తకాలు పెట్టుకొని ఇంట్లోనే సొంతంగా నేర్చుకున్నారు. ఇల్లు గడవక రెండు మూడేళ్ళు గుమాస్తా పని కూడా చేసినారు. 1841లో స్కాలర్‌షిప్ పరీక్ష నెగ్గి మళ్ళీ చదువులోకి వచ్చినారు. గుమాస్తాగిరీతోనే సరిపెట్టుకొని ఉంటే ఈరోజు మనం ఆయన పేరు తలచుకునే వాళ్ళమే కాదు.

1844లో ఆయనకు ఢిల్లీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ఘాజీయుద్దీన్ మద్రసా నుండి పెరిగిన సంస్థ అది. అరబీ, ఫార్సీ చదువుకొనే విద్యార్థులకు పాశ్చాత్య శాస్త్రాలను ఉర్దూలో బోధించుట ఆయన పని. ఆనాటికి ఉర్దూలో ఉన్నత గణిత గ్రంథాలు లేవు. పాఠం చెప్పాలంటే ముందు పుస్తకం రాయాలి, పుస్తకం రాయాలంటే ముందు మాటలు పుట్టించాలి! కాలేజీకి అనుబంధంగా ఉన్న అనువాద సంఘం కోసం ఆయన బీజగణితంతో పాటు కాలిక్యులస్‌ను కూడా ఉర్దూలోకి తెచ్చినారు. అవకలన, సమాకలనాలకు జుజియాత్, కుల్లియాత్ అనే మాటలు వాడినారు. జుజ్ అంటే భాగం, కుల్ అంటే మొత్తం. ముక్కలు చేసి చూడటం ఒకటి, ముక్కలను కలిపి మొత్తం రాబట్టడం రెండవది. పేరు వింటూనే విషయం సగం అర్థమవుతుంది కదా!

అంతటితో ఆగలేదు. 1845లో ఫవాయిదున్నాజిరీన్ అనే పత్రికను, ఆ తర్వాత ముహిబ్బె హింద్ అనే పత్రికను నడిపి, శాస్త్ర విషయాలను ఉర్దూలో సామాన్యులకు అందించినారు.

1850లో గరిష్ఠ కనిష్ఠ విలువలపై ఒక ఇంగ్లీషు గ్రంథాన్ని సొంత ఖర్చుతో కలకత్తాలో అచ్చువేయించినారు. అందులోని ఆలోచన ఇది. మన దేశస్థులకు బీజగణితం పూర్వం నుండి పరిచయమే. కాబట్టి కాలిక్యులస్‌తో చేసే ఈ లెక్కలను బీజగణితంతోనే చేసి చూపితే మనవాళ్ళకు దారి సులువవుతుంది. ఆ పద్ధతికి మేము ఒక చిన్న ఉదాహరణ చెబుతాము. 40 గజాల తీగతో దీర్ఘచతురస్రంగా కంచె వేయాలి. ఎక్కువ స్థలం రావాలంటే ఎలా? పొడవు, వెడల్పు కలిపి 20 గజాలు. 12, 8 అయితే 96 చదరపు గజాలు. 11, 9 అయితే 99. 10, 10 అయితే 100. ఇంతకు మించి రాదని రుజువేమిటి? వైశాల్యాన్ని తెలియని రాశిగా ఉంచి వర్గ సమీకరణం సాధిస్తే, 100 నుండి వైశాల్యం తీసివేయగా మిగిలినది వర్గమూలం కిందికి వస్తుంది. వైశాల్యం 100 దాటితే అక్కడ రుణసంఖ్య వస్తుంది, అటువంటి కంచె అసాధ్యం. కాబట్టి 100 గరిష్ఠం. ఇందులో తొమ్మిదో తరగతి పిల్లవాడికి అందనిది ఏముంది?

కలకత్తాలో ఈ పుస్తకానికి విమర్శలే వచ్చినవి. కాని బెథ్యూన్ అనే అధికారి దానిని లండన్‌లోని ప్రొఫెసర్ డీమోర్గన్‌కు పంపినారు. మదురైలో పుట్టిన ఆ గణితవేత్త దాని విలువ గుర్తించి, ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లకు సిఫారసు చేసినారు. ఫలితంగా రామచంద్రకు ఖిల్లత్, 2000 రూపాయల బహుమానం దక్కినవి. 1859లో డీమోర్గన్ పీఠికతో పుస్తకం లండన్‌లో మళ్ళీ అచ్చయింది. నిజం చెప్పాలంటే ఆ పద్ధతి కాలిక్యులస్ స్థానాన్ని తీసుకోలేదు, తీసుకోజాలదు కూడా. అది కాలిక్యులస్‌కు వెళ్ళే మెట్టు మాత్రమే. మెట్టు లేకుండా మేడ ఎక్కేదెట్లా?

1852లో ఆయన క్రైస్తవం స్వీకరించినారు. దానివల్ల అయినవాళ్ళకు దూరమైనారు. 1857 తిరుగుబాటులో కాలేజీ ప్రిన్సిపాల్ హతుడైనాడు, లైబ్రరీ లూటీ అయింది. రామచంద్ర ప్రాణాలతో బయటపడి, తర్వాత రూర్కీలో, ఢిల్లీలో బోధించినారు. పటియాలాలో విద్యాశాఖను నడిపినారు. 1880లో కన్నుమూసినారు.

ఆయన శిష్యుల్లో మౌల్వీ జకావుల్లా గణితంలో ముఖ్యుడు. 1910లో చనిపోయేలోగా ఆయన ఉర్దూలో ఎన్నో గణిత పుస్తకాలు రాసినారు. మరో శిష్యుడు డిప్యూటీ నజీర్ అహ్మద్ సాలార్‌జంగ్ కాలంలో మన హైదరాబాదుకు వచ్చి పెద్ద పదవులు నిర్వహించినారు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం డిగ్రీ గణితాన్ని ఉర్దూలోనే బోధించింది. ఢిల్లీ కాలేజీలో వేసిన విత్తనమే ఇక్కడ చెట్టయిందని మా నమ్మకం.

సోదర సోదరీమణులారా! గణితానికి ఒక మతమనీ, ఒక భాషనీ లేదు. పిల్లవాడికి ముందు తన భాషలో అర్థం కావాలి. తర్వాత ఇంగ్లీషు కూడా గట్టిగా నేర్వాలి. రామచంద్ర రెండూ చేసినారు. మీ అబ్బాయిగాని అమ్మాయిగాని లెక్కల గ్రూపు అడిగితే వద్దనకండి. పాత పుస్తకాలుంటే సొసైటీకి ఇవ్వండి, బి.ఎస్సీ. చదివినవారు ఆదివారం ఒక గంట పిల్లలకు కేటాయించండి. అల్లాహ్ మన పిల్లలకు జ్ఞానాన్ని, మనకు వారిని చదివించే ఓపికను ప్రసాదించుగాక. ఆమీన్.