ఆత్మలను పరీక్షించిన యోధుడు

ఆత్మలను పరీక్షించి చూడాలని యోహాను తన మొదటి పత్రికలో విశ్వాసులను హెచ్చరించాడు. సాతాను వెలుగుదూత వేషం ధరించగలడని పౌలు కొరింథు సంఘానికి గుర్తు చేశాడు. ఈ రెండు హెచ్చరికలూ క్రైస్తవులందరూ వినివున్నవే. కాని ప్రార్థనలో మోకరించినప్పుడు మనసులో కలిగే ప్రేరణ దైవదత్తమో, స్వంత కోరికో, శత్రువు పన్నిన వలో తెలిసేదెలా? ఈ ప్రశ్నకు సమాధానాన్ని దాదాపు ప్రాణం మీదికి తెచ్చుకొని నేర్చుకున్న మహనీయుడు పదహారవ శతాబ్దపు స్పెయిన్ దేశీయుడు ఇగ్నేషియస్ లొయోలా. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల వల్ల ఆ పేరు తెలుగువారికి కొత్త కాదు. అది ఒక కోట పేరనీ, ఆ కోటలో కాలు విరిగి మంచం పట్టిన ఒక సైనికుని మనోమథనంతో ఈ కథ మొదలైందనీ ఎరిగినవారు మాత్రం తక్కువ.

స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని లొయోలా కోటలో 1491లో ఆయన జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇనీగో. రాజకోశాధికారి ఇంట పెరిగి, మర్యాదలు, కత్తిసాము, వీరగాథలు, స్త్రీల మెప్పు వీటినే జీవితమనుకున్నాడు. 1521 మే 20న ఫ్రెంచి సైన్యం పాంప్లోనా దుర్గాన్ని ముట్టడించినప్పుడు, లొంగిపోవడమే మేలని తక్కినవారందరూ అంటున్నా వినక దుర్గాధిపతిని పోరాటానికి ఒప్పించినవాడు ఆయనే. ఫిరంగి గుండు తగిలి ఆయన కుడికాలు విరిగింది, ఎడమకాలికి గాయమైంది. ఆయన పడిపోగానే దుర్గమూ లొంగిపోయింది.

అతికించిన ఎముక వంకరగా పైకి పొడుచుకువచ్చింది. బిగుతైన మేజోళ్లు తొడుక్కొని సభల్లో తిరగడానికి అది అడ్డమని, మత్తుమందులు లేని ఆ కాలంలో ఆ ఎముకను కోయించుకున్నాడు. అందచందాల కోసం అంత బాధను ఓర్చిన మనిషి పట్టుదల ఎలాంటిదో ఊహించవచ్చు. ఆ పట్టుదలే తరువాత భక్తిమార్గంలో ఆయనను కాపాడింది, అదే ఆయనను కూల్చబోయింది కూడా.

మంచం మీద పొద్దుపోక వీరగాథలు అడిగాడు. కోటలో అవి లేవు. అక్కడ దొరికినవి సాక్సనీకి చెందిన లుడోల్ఫ్ రచించిన క్రీస్తు చరిత్ర, పునీతుల చరిత్రల సంపుటి ఒకటి. వాటిని చదువుతూ మధ్యలో ఆపి ఆలోచనల్లో పడేవాడు. ఒక ఘనవంశపు స్త్రీని ఎలా మెప్పించాలా అని గంటల తరబడి కలలు కనేవాడు. మరికాసేపటికి పునీత ఫ్రాన్సిస్, పునీత దొమినిక్ చేసిన కార్యాలు తానెందుకు చేయకూడదని తలపోసేవాడు. రెండు ఊహలూ సమానంగానే ఆనందాన్నిచ్చేవి. తేడా అంతా ఆ ఊహలు ముగిసిన తరువాత. లోకసంబంధమైన కలలు కరగగానే హృదయం ఎండిపోయి అసంతృప్తితో మిగిలేది. పునీతుల బాటను గూర్చిన తలంపులు తొలగిపోయాక కూడా ఆ సంతోషం నిలిచివుండేది. కొంతకాలం ఆయన దీన్ని గమనించలేదు. ఒకనాడు ఉన్నట్టుండి కళ్లు తెరిపిడిపడి, ఈ తేడా ఎక్కడిదని ఆశ్చర్యపోయాడు. తలంపును దాని రుచిని బట్టి కాక, అది వెళ్లిపోతూ విడిచిన జాడను బట్టి తూచడం ఆనాడు మొదలైంది.

అయితే ఒక్క పాఠంతో వివేచన చేతికి రాలేదు. 1522 ఆరంభంలో కోట విడిచి, కంచరగాడిదనెక్కి మోన్సెరాత్ పుణ్యక్షేత్రానికి బయలుదేరాడు. దారిలో మూర్ జాతీయుడైన ఒక ముస్లిం ప్రయాణికుడు తోడయ్యాడు. సంభాషణ మరియమాత కన్యాత్వం మీదికి మళ్లింది. ప్రసవానంతరమూ ఆమె కన్యగానే నిలిచిందన్న విశ్వాసాన్ని ఆ ప్రయాణికుడు అంగీకరించలేక, తన కారణాలు చెప్పి ముందుకు సాగిపోయాడు. ఇనీగోకు మాత్రం మనసు కుదుటపడలేదు. మరియమాత గౌరవాన్ని తాను నిలబెట్టలేదన్న తపన క్రమంగా ఆ మనిషిని వెంటాడి కత్తితో పొడవాలన్న ఉద్రేకంగా మారింది. చంపాలా, వద్దా అని తేల్చుకోలేక చివరకు కళ్లెం వదిలేశాడు. దారులు చీలినచోట గాడిద ఆ ప్రయాణికుడు వెళ్లిన ఊరివైపు తిరిగితే పొడవాలి, రాజమార్గం పట్టితే విడిచిపెట్టాలి. ఊరి దారే వెడల్పుగా ఉంది, దగ్గరగానూ ఉంది. గాడిద మాత్రం రాజమార్గం పట్టింది. భక్తి పేరిట ఒక నిరపరాధి ప్రాణం ఆనాడు పోకుండా మిగిలింది ఒక మూగజీవి నడక వల్లనే. జీవితపు చివరి దశలో ఈ సంఘటనను దాచకుండా తానే చెప్పి, అప్పటి తన ఆత్మ గొప్ప కోరికలతో నిండివున్నా ఇంకా గుడ్డిదేనని ఆయన ఒప్పుకున్నాడు.

మోన్సెరాత్‌లో మూడు రోజులపాటు పాపసంకీర్తనం చేశాడు. మార్చి 24 రాత్రి తన ఖరీదైన దుస్తులను ఒక భిక్షగానికిచ్చి, గోనెగుడ్డ ధరించి, మరియమాత పీఠం ముందు తెల్లవార్లూ జాగరణ చేశాడు. కత్తిని, బాకును అక్కడే విడిచిపెట్టాడు. తెల్లవారాక ఒకడు వెంటపడి వచ్చి, ఆ భిక్షగాడు దుస్తులు దొంగిలించాడని అనుమానించి పట్టుకున్నారని చెప్పాడు. ఇనీగో కళ్లనిండా నీళ్లు తెచ్చుకున్నాడు. సదుద్దేశంతో చేసిన దానమే ఆ పేదవాని మెడకు చుట్టుకుంది.

అక్కడినుంచి సమీపంలోని మన్రేసా పట్టణం చేరాడు. కొద్దిరోజులుండి వెళ్లాలనుకున్నవాడు దాదాపు ఏడాది ఉన్నాడు. ఆయన చరిత్రలో ఈ పదకొండు నెలలే అత్యంత కీలకమని నా అభిప్రాయం. భిక్షమెత్తి తిన్నాడు. మాంసం, ద్రాక్షారసం మానేశాడు. ఒకప్పుడు అలంకరణకు ప్రాణమిచ్చిన వాడు గనుక జుట్టు దువ్వక, గోళ్లు తీయక వదిలేశాడు. రోజుకు ఏడు గంటలు మోకాళ్లమీద ప్రార్థించాడు. ఆ రోజుల్లోనే పట్టపగలు గాలిలో ఒక రూపం కనిపించేది. అది సర్పాకారంలో ఉండి, కళ్లవలె మెరిసే అనేక బిందువులతో అతిసుందరంగా తోచేది. చూసినకొద్దీ ఓదార్పు, మాయమైతే దిగులు. అదేమిటో ఆయనకు అర్థం కాలేదు.

తరువాత సంశయాలు ఆరంభమయ్యాయి. పాపసంకీర్తనం చేసినా ఏదో ఒకటి చెప్పకుండా మిగిలిందన్న అనుమానం వెంటాడింది. మళ్లీ చెప్పాడు, మరింత సూక్ష్మంగా చెప్పాడు. శాంతి రాలేదు. చాలా స్పష్టమైన పాపం తప్ప గతాన్ని ఇక తవ్వవద్దని గురువు ఆజ్ఞాపించాడు. కాని ఆయన కంటికి ప్రతిదీ స్పష్టంగానే కనిపించింది! నెలల తరబడి ఈ చిత్రహింస సాగింది. ప్రాణం తీసుకోవాలన్న తలంపు పదేపదే వచ్చింది. అది దేవునికి ద్రోహమని బిగ్గరగా మొరపెడుతూ దాన్ని నెట్టివేశాడు. దేవుడు కరుణించేవరకూ తినను, తాగను అని ఆదివారం నుంచి ఆదివారం వరకు కఠిన ఉపవాసం పట్టాడు. సంగతి విన్న గురువు వెంటనే విరమించమన్నాడు. బలం ఇంకా మిగిలివున్నా ఆయన విధేయుడై భుజించాడు.

రెండు రోజులు మనసు తేలికపడింది. మూడవ రోజు ప్రార్థనలో పాత పాపాలు దారం వెంట దారంలా ఒకదాని వెనుక ఒకటి మళ్లీ జ్ఞాపకం వచ్చాయి. అవన్నీ తిరిగి ఒప్పుకోవాలనిపించింది. ఆ ఆలోచన చివర ఈ జీవితం మీదనే ఏవగింపు కలిగి, దీన్ని విడిచిపెట్టాలన్న బలమైన ప్రేరణ ఎదురైంది. అక్కడ ఆయన ఆగాడు. లొయోలా మంచం మీద నేర్చిన పాఠం గుర్తుకువచ్చింది. పశ్చాత్తాపంలా మొదలైనది ఎక్కడికి తీసుకువచ్చిందో చూశాడు. దైవభీతి రూపంలో ప్రవేశించి, దేవుని మార్గాన్నే విడిచిపెట్టమంటోంది. అది దేవుని ఆత్మ కాజాలదని తేల్చుకొని, గతాన్ని ఇక ఒప్పుకోనని నిశ్చయించుకున్నాడు. సంశయాలు ఆ రోజుతో తొలగిపోయాయి.

మరో రెండు అనుభవాలను పక్కపక్కన పెట్టి చూడాలి. పడుకోబోయే వేళ ఆయనకు గొప్ప ఆధ్యాత్మిక స్ఫురణలు, మధురమైన ఓదార్పు కలిగేవి. వాటివల్ల అసలే కొద్దిగా ఉన్న నిద్ర హరించిపోయేది. దేవునికి ఇంత సమయమని తాను పగలు కేటాయించే ఉండగా ఇవి నిద్రవేళనే రావడమేమిటని శంకించి, వాటిని విడిచి నిద్రపోయాడు. ఇంకొకనాడు మాంసం తినకూడదన్న నియమంలో స్థిరంగా ఉండగా, ఉదయం లేవగానే వండిన మాంసం కళ్లముందు కనిపించింది. ఇకపై తినాలన్న దృఢసంకల్పం కలిగింది. ఇది శోధనేమో పరీక్షించుకోమని గురువు చెప్పాడు. ఎంత పరీక్షించినా ఆయనకు సందేహం కలగలేదు. పైపైన చూసేవారెవరైనా ఈ రెంటినీ తారుమారు చేసి ఉండేవారే కదా!

ఒకనాడు కార్డోనెర్ నది ఒడ్డున, ప్రవాహం వైపు చూస్తూ కూర్చున్నప్పుడు ఆయన మనోనేత్రం తెరుచుకుంది. దర్శనమేదీ కనబడలేదు. విశ్వాస విషయాలు, విద్యా విషయాలు అన్నీ కొత్త వెలుగులో అర్థమయ్యాయి. తన జీవితంలో తరువాత నేర్చుకున్నదంతా కలిపినా ఆ ఒక్కసారి పొందిన దానికి సాటిరాదని వృద్ధాప్యంలో ఆయన తలచుకున్నాడు. కృతజ్ఞతతో సమీపంలోని సిలువ ముందు మోకరించాడు. అప్పుడు ఆ అనేకనేత్రాల సర్పరూపం మళ్లీ కనిపించింది. సిలువ ఎదుట దానికి ఇదివరకటి అందమైన వర్ణం లేదు. అది దురాత్మ అని ఆ క్షణాన స్పష్టమైంది. తరువాత చాలాకాలం అది కనిపిస్తూనే ఉన్నా, చేతికర్రతో విదిలించి కొట్టేవాడు. జుట్టు, గోళ్లు కూడా తీయించుకొని సామాన్యంగా ఉండసాగాడు.

1523 సెప్టెంబరులో యెరూషలేము చేరాడు. అక్కడే జీవితాంతం ఉండాలన్న కోరిక దేవుడిచ్చినదేనని గట్టిగా నమ్మాడు. పుణ్యస్థలాలను చూసే ఫ్రాన్సిస్కన్ పెద్ద వెళ్లిపొమ్మన్నాడు. వెళ్లకుంటే సంఘబహిష్కారం చేసే అధికారం తనకుందన్నాడు. ఇనీగో తిరుగుప్రయాణమయ్యాడు.

ఆత్మలకు సహాయపడాలంటే చదువు కావాలని గ్రహించి, ముప్పైమూడవ ఏట బార్సిలోనాలో పిల్లల మధ్య కూర్చొని లాటిన్ వ్యాకరణం మొదలుపెట్టాడు. క్రియారూపాలు వల్లెవేయబోతే చాలు, ఆధ్యాత్మిక విషయాల్లో కొత్త స్ఫురణలు ముంచెత్తేవి. ప్రార్థనలో గాని, పూజాబలిలో గాని ఇంత తీవ్రంగా రానివి పాఠాలప్పుడే ఎందుకు వస్తున్నాయని ఆలోచించాడు. మోసం బయటపడింది. గురువైన జెరోని అర్దెవోల్‌ను దేవాలయానికి తీసుకువెళ్లి జరిగినదంతా విప్పి చెప్పాడు. బతకడానికి రొట్టె, నీళ్లు దొరికినంతవరకు రెండేళ్లూ పాఠం తప్పనని మాట ఇచ్చాడు. ఆ స్ఫురణలు మళ్లీ రాలేదు.

ఇంత పరీక్షించుకున్నవాడు పరీక్షకులకూ అనుమానాస్పదుడయ్యాడు. అంతరంగ ప్రకాశం ఒక్కటే చాలునని బోధించే అలుంబ్రాడోలు ఆనాడు స్పెయిన్‌లో విచారణలకు గురవుతున్నారు. ఈయనా వారిలో ఒకడేమోనని ఆల్కలాలో 42 రోజులు, సలమాంకాలో 22 రోజులు చెరలో ఉంచారు. తప్పేమీ దొరకలేదు. కాని చదువు పూర్తయ్యేదాకా ఏది ఘోరపాపమో ఏది స్వల్పపాపమో తీర్మానించి చెప్పవద్దని ఆంక్ష పెట్టారు. 1528లో పారిస్ వెళ్లి చదువు కొనసాగించాడు. అక్కడ ఆయన గదిలో ఉన్నవారే పీటర్ ఫాబెర్, తరువాత 1542లో గోవా చేరిన ఫ్రాన్సిస్ జేవియర్. ఫాబెర్‌నూ సంశయాలు పీడించేవి. మన్రేసా బాధ ఎరిగిన ఇగ్నేషియస్ తొందరపడలేదు. తన సాధనాక్రమంలోకి ప్రవేశపెట్టడానికి ముందు సంవత్సరాల పాటు ఓపికపట్టాడు.

ఆ సాధనాక్రమమే 1548లో పోపు మూడవ పౌలు ఆమోదం పొందిన ఆధ్యాత్మిక సాధనల గ్రంథం. అందులో ఆత్మల వివేచనకు రెండు వరుసల నియమాలున్నాయి. మొదటివి 14, తరువాతివి 8. వాటిలో ప్రతిదాని వెనుకా ఆయన పడిన గాయమొకటి ఉంది. హృదయం ఎండిపోయిన వేళ మునుపటి నిశ్చయాన్ని మార్చుకోరాదన్నది మన్రేసాలో నేర్చినది. శత్రువు తన మాట గుప్తంగా ఉండాలని కోరతాడు గనుక అనుభవజ్ఞుని ముందు దాన్ని బయటపెట్టాలన్నది గురువుల విషయంలో తాను చేసినదే. మంచిమార్గంలో సాగే ఆత్మను దైవాత్మ స్పంజిపై పడే నీటిబొట్టులా మెల్లగా తాకుతుందని, దురాత్మ రాతిపై పడే బొట్టులా చప్పుడు చేస్తుందని ఆయన పోలిక. ఆలోచన మొదలు, నడుమ, చివర మూడూ మంచివైతేనే అది మంచిదన్న నియమం దగ్గర మాత్రం నాకు ఆ గాడిద దారి గుర్తుకువస్తుంది.

1540 సెప్టెంబరు 27న యేసు సభకు పోపు ఆమోదం లభించింది. మరుసటి ఏడు సహచరులు ఆయనను అధిపతిగా ఎన్నుకున్నారు. తాను తగనని మళ్లీ ఎన్నుకోమన్నాడు. రెండవసారీ ఆయన పేరే వచ్చింది. అప్పుడు తన వినయాన్ని కూడా తానే నమ్మక, పాపసంకీర్తన గురువు నిర్ణయానికి వదిలి, ఆయన ఒప్పుకోమన్నాకే ఒప్పుకున్నాడు.

సభను పోపు రద్దు చేస్తే ఏమవుతుందన్న ఊహకు, పావుగంట ప్రార్థిస్తే తన మనసు కుదుటపడుతుందని ఆయన చెప్పేవాడు. 1555 మేలో కార్డినల్ కరాఫా నాలుగవ పౌలు పేరిట పోపు అయ్యాడు. వెనిస్ నాటి నుంచే ఆయనతో అభిప్రాయభేదాలున్నాయి. కబురు వినగానే ఇగ్నేషియస్ ముఖం మారిపోయింది, ఎముకలన్నీ వణికాయి. మాటాడక లేచి ప్రార్థనామందిరంలోకి వెళ్లాడు. కాసేపటికి ప్రసన్నంగా బయటికి వచ్చాడు. తన జీవితకథను అప్పుడు లిఖింపజేస్తున్న గొన్సాల్వెస్ ద కామరా దీన్ని స్వయంగా చూశాడు.

మరుసటి జూలైలో రోమునగరంలో జబ్బుపడ్డాడు. వైద్యులు ప్రమాదం లేదన్నారు. 30వ తేదీ సాయంత్రం కార్యదర్శి పొలాంకోను పిలిచి, పోపు ఆశీర్వాదం అడిగి తెమ్మన్నాడు. స్పెయిన్‌కు పంపవలసిన ఉత్తరాలున్నాయి, రేపు వెళ్లవచ్చా అని పొలాంకో అడిగాడు. ఈ రోజైతే మేలని తన ఇష్టం చెప్పి, నిర్ణయం అతనికే విడిచిపెట్టాడు. తెల్లవారాక పొలాంకో పరుగున వెళ్లి ఆశీర్వాదం పొంది వచ్చేసరికి, 1556 జూలై 31న ఆయన ప్రాణం విడిచివున్నాడు.